జేబులోని తెల్లబట్ట

గద్వాల దాటి రాయచూరు రోడ్డు పట్టుకుని కొంచెం దూరం పోతే ఎడమ చేతి పక్కన ఒక రేకుల షెడ్డు వస్తుంది. ఒకప్పుడు పత్తి విత్తనాల గోదాము. కిటికీ అన్న మాటే లేదు. ముందర ఒక షట్టరు, వెనక ఒక చిన్న తలుపు, అంతే. ఇప్పుడు అందులో కుట్టు మిషన్లు నడుస్తున్నాయి. పగటి పూట ఆ దారిన పోయేవాళ్ళకు మిషన్ల చప్పుడు మీదుగా అక్కడ కుట్టే ఈదమ్మ నవ్వు వినిపిస్తుంది. ఆమె నవ్విందంటే రోడ్డవతల చాయ్ హోటలు ముందర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది.

షెడ్డు హైదర్, మహమూదా అనే మొగుడూ పెళ్ళాలది. వాళ్ళది రెండు నదుల నడుమ ఉన్న ఈ నడిగడ్డ కాదు, బళ్ళారి. హైదర్ అక్కడ జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక కార్ఖానాలో కటింగ్ మాస్టరు. కరోనా ఏడాది ఆ కార్ఖానా మూతపడింది. ఆ ఏడాదే అతని తల్లి ఖాజాబీ పోయింది. ఇంక ఆ ఊళ్ళో వాళ్ళకు ఉండబుద్ధి కాలేదు. రెండు పాత మిషన్లు, ఒక ట్రంకు పెట్టె, వేలు పట్టుకున్న బిడ్డ రుబీనా, వీటితో తుంగభద్ర దాటి ఇటు వచ్చేశారు.

ఊరు కాని ఊళ్ళో బతుకు మొదలుపెట్టడం ఎట్లుంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. "మీరు ఏడోళ్ళు?" అని అడగని మనిషి లేడు. మహమూదా మాటల్లో కన్నడం దొర్లితే మిషన్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, ఏం చేస్తుంది! లంగాలు కుట్టారు, దిండు గలేబులు కుట్టారు, సంతల్లో అమ్మే నైటీలు కుట్టారు. వెనక తలుపు పక్కన పరదా కట్టుకుని, ఆ గదిలాంటి దాంట్లోనే వండుకుని, అక్కడే పడుకున్నారు.

ఈ ఏడాది ఎండాకాలంలో చంద్రశేఖర్ అని ఒకాయన వచ్చాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ప్రైవేటు బడులకు యూనిఫారాలు అందించే మనిషి. ఆడపిల్లల గౌన్లన్నీ మీరే కుట్టండి అన్నాడు. బడులు తెరిచే నాటికి ఇస్తే ఏటేటా మీకేనన్నాడు, ఇయ్యకపోతే మళ్ళీ నాకు మొహం చూపించొద్దన్నాడు. మహమూదాకు సంతోషమూ పట్టుకుంది, భయమూ పట్టుకుంది. ఈ ఒక్కటి గట్టెక్కితే చాలు, ఇక్కడ మాకూ ఒక చోటు దొరుకుతుంది, నా బిడ్డను ఎవరూ ఏడోళ్ళని అడగరు అనుకుంది. ఆమెకు ఉన్నది ఒక్కతే బిడ్డ. ఆ షెడ్డు, ఆ కష్టం అంతా ఆ పిల్ల కోసమే.

ఇంక ఖాజాబీ సంగతి చెప్పాలి.

ఖాజాబీ బతుకంతా జేబులు కుట్టింది. కార్ఖానా వాళ్ళు జేబుల గుడ్డ మూటలు కట్టి ఇంటికి పంపితే, కుట్టి తిరిగి పంపేది. కుట్టిన ప్రతి జేబులో చెయ్యి పెట్టి, వేళ్ళతో మూలమూలా వెతికేది. "విరిగిన సూది ముక్క ఉంటే నా వేలికే గుచ్చుకోనీ, తొడిగే పిల్లల వేలికి వద్దు" అనేది. ఒకసారి మిషను సూది ఆమె చిటికెన వేలిలోంచే దిగిపోయింది. అప్పటి నుంచి కుడి చేతి చిటికెన వేలు లోపలికి వంగి ఉండేది. రుబీనా అంటే ఆమెకు ప్రాణం. ఆ పిల్ల కూడా దాదీ వంకర వేలు పట్టుకుంటేనే నిద్రపోయేది.

చావు గురించి ఖాజాబీకి ఏ బెంగా లేదు. పోయాక ఒంటికి చుట్టే కఫన్ బట్ట తానే తెప్పించుకుంది, మక్కా పోయొచ్చిన ఒక చుట్టపామె చేత. తెల్లటి నూలు బట్ట. జమ్‌జమ్ బావి పవిత్ర నీళ్ళలో తడిపి ఆరేసి, మడతల మధ్య కర్పూరం పెట్టి, ట్రంకులో దాచుకుంది. ఏడాదికొకసారి తీసి ఎండకు వేసేది. "కోడలా, నన్ను దీంట్లనే పంపాలె. చేత్తో చింపి చుట్టుండ్రి. కత్తెర తాకనియ్యొద్దు, సూది అసలే తాకనియ్యొద్దు" అని వేసినప్పుడల్లా చెప్పేది.

పాపం, ఆమె అనుకున్నది ఒకటి, అయింది ఒకటి. కరోనా వచ్చి దవాఖానలో పోయింది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి జిప్పు లాగేశారు. మొహం చూడనియ్యలేదు, చెయ్యి తాకనియ్యలేదు. ఆ రోజుల్లో అందరికీ అంతే కదా. హైదర్ ఖబరస్తాన్ గోడ అవతల నిలబడి ఏడ్చాడు. కఫన్ మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది. ఎవరైనా బీదవాళ్ళు పోతే వాళ్ళ మయ్యత్తుకు ఇచ్చెయ్యమని పెద్దలు చెప్పారు. ఇస్తాలే, ఇస్తాలే అని మహమూదా రోజులు నెట్టుకొచ్చింది. అత్తది అని చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే, ఇయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు.

బడులు తెరవడానికి ముందు రోజు. మిరుగం కార్తె వాన మబ్బులు కమ్ముకుని ఉన్నాయి. తెల్లారితే చంద్రశేఖర్ బండి వస్తుంది. గౌన్లన్నీ అయ్యాయి, ఆఖరి దొంతరకు మాత్రం జేబుల గుడ్డ అయిపోయింది. ఆదివారం, ఊళ్ళో దుకాణాలు మూసి ఉన్నాయి. హైదర్ బండేసుకుని కర్నూలు పోయాడు. అతను తెచ్చేసరికి సాయంత్రమవుతుంది, కుట్టేవాళ్ళు ఇళ్ళకు పోతారు. మహమూదా పరదా వెనక్కి పోయింది. ట్రంకు పెట్టె ముందర కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది.

"అత్తమ్మా, నువ్వుంటే నువ్వే తీసిస్తుంటివి. మాఫ్ చెయ్యి" అంది. పెట్టె తెరిచింది. కత్తెర తెచ్చుకుంది.

తెల్లబట్ట జేబు ముక్కలుగా తయారై మిషన్ల మీదికి వచ్చింది. ఈదమ్మ ఒక ముక్క చేత పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏంది మహమూదక్కా, గీ బట్ట గింత మెత్తగున్నది? కర్పూరం వాసనొస్తున్నది. ఏడ దాచినవే ఇన్నొద్దులు?"

"పెట్టెలుండె. పాతది. జర తొందరగా కుట్టు."

"గింత మంచి బట్ట పోరగాండ్ల కీసలకా? నేను పోయినప్పుడు నాకు కప్పుండ్రే గిసొంటిది!" అని ఈదమ్మ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. మహమూదా చేతిలో కత్తెర కిందపడింది, ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి పని ముగిసింది. వాన మొదలయ్యేలోపు ఇల్లు చేరాలని ఆడవాళ్ళంతా పోయారు. షెడ్డులో మహమూదా, రుబీనా మిగిలారు. రుబీనా నాలుగో తరగతికి పోతుంది. తన బడికీ ఆ గౌనే. ఒకటి తీసి తొడుక్కుని, గౌన్ల కుప్ప మీద ఎక్కి కూర్చుని ఏదో పాట పాడుకుంటూ ఉంది. ఊళ్ళోంచి పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినపడింది. అది పూర్తికాక ముందే వాన దిగింది. రేకుల మీద వానంటే తెలుసుగా, పక్కన అరిచినా వినపడదు. ఇంతలో కరెంటు పోయింది. కిటికీ లేని షెడ్డు, షట్టరు సగం దించి ఉంది. కళ్ళు చించుకున్నా ఏమీ కనపడని చీకటి.

మహమూదా తడుముకుంటూ ఛార్జింగ్ లైటు తెచ్చి కటింగ్ బల్ల మీద పెట్టింది. చిన్న వెలుగు. బల్ల వరకే పడుతుంది, దాని అవతల ఏమున్నదో తెలియదు. పని ఆపితే కుదరదు. ఒక్కో గౌను తీసుకుని, అత్త నేర్పినట్టే జేబులో చెయ్యి పెట్టి, మూలలు వెతికి, పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి. కొత్త గుడ్డ వాసన, మిషను నూనె వాసన, తడి మట్టి వాసన. వాటి మధ్య సన్నగా కర్పూరం.

ఆ కర్పూరం వాసన ఎక్కువవుతూ వచ్చింది. దాని వెనక ఇంకో వాసన ఉంది. ఎక్కడో ఎరిగినదే. కాసేపటికి గుర్తొచ్చింది. దవాఖాన వరండాలో వచ్చిన వాసన... ఫినాయిలు, కొత్త ప్లాస్టిక్. మహమూదా షట్టరు వైపు ఒకసారి చూసింది. ఇంకా నాలుగైదు చూస్తే అయిపోతుంది, చూసేసి బయటికి పోదాం అనుకుంది.

ఇంకో గౌను తీసింది. జేబులో చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. వాన చలి కాదు. బావి అడుగున ఉండే చలి. మూల కోసం వేళ్ళు చాపింది. మూల తగల్లేదు. ఇంకా చాపింది... చిన్నపిల్ల గౌను జేబు, మణికట్టు కూడా మునగకూడదు. మోచెయ్యి దాకా పోయింది.

అడుగు తగల్లేదు.

వెనక్కి లాక్కుందామనుకుంది. అప్పుడు తగిలాయి. వేళ్ళు. చల్లటి వేళ్ళు. అవి పట్టుకోలేదు. ఆమె వేళ్ళను ఒక్కొక్కటే తడిమాయి... బొటనవేలు... చూపుడువేలు... విరిగిన సూది కోసం వెతికినట్టు, మెల్లగా, ఓపికగా. ఆఖరున ఒక వంకర చిటికెన వేలు వచ్చి ఆమె అరచేతిలో ఆగింది.

మహమూదా ఎట్లా లాక్కుందో ఆమెకే తెలియదు. గౌను ఎగిరి చీకట్లో పడింది. అరిచింది, వానలో ఆ అరుపు ఆమెకే వినపడలేదు. అప్పుడు అంత వానలోనూ వెనక నుంచి ఒక గుసగుస స్పష్టంగా వినిపించింది. రుబీనా గొంతు.

"ఆఁ దాదీ... ఆఁ... వస్త..."

"రుబీనా!" లైటు పట్టుకుని తిరిగింది. పిల్ల కుప్ప మీద కదలకుండా కూర్చుని ఉంది. కుడి చెయ్యి జేబులో ఉంది. మోచెయ్యి దాకా లోపలే ఉంది.

"ఎవరితో మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

"దాదీకి సలి పెడ్తున్నదంట అమ్మీ. గా ప్లాస్టిక్‌ల ఊపిరాడ్తలేదంట. కప్పుకోనీకి ఏం లేదంట..."

పిల్లను లాగింది. చెయ్యి రాలేదు. మళ్ళీ లాగింది. "ఇడువు అత్తమ్మా... నీ కాళ్ళు మొక్కుత... పిల్లను ఇడువు..." చెయ్యి ఒక్కసారిగా బయటికి వచ్చింది. తల్లీ బిడ్డా కిందపడ్డారు. ఆ చిన్న చెయ్యి మోచెయ్యి దాకా తెల్లగా పాలిపోయి, నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉంది. రుబీనా ఏడవలేదు. అమ్మ మొహం చూసి జాలిగా నవ్వింది, అంతే.

హైదర్ తడిసి ముద్దై వచ్చేసరికి కరెంటు వచ్చింది. మహమూదా ఏదీ దాచలేదు. ఏడుస్తూ అంతా చెప్పేసింది. అతనికి మొదట కోపం వచ్చింది, కఫన్ కోసినందుకు. తర్వాత నవ్వు వచ్చింది.

"నీకు నిద్ర లేక మతి పోయింది. కీసల చెయ్యి ఉంటదా? ఇగో సూడు" అని ఒక గౌను తీసి జేబులో చెయ్యి దూర్చాడు. "సూడు, ఏమున్నది..."

మాట ఆగిపోయింది. చెయ్యి లోపలే ఉంది. అతని కళ్ళు నిండాయి. తర్వాత చిన్న పిల్లవాడి గొంతుతో "అమ్మా" అన్నాడు.

మహమూదా అతని భుజం పట్టుకుని కుదిపింది. "పంపొద్దు రుబీనా అబ్బా. ఆ గౌన్లు పక్కకు తీద్దాం."

"ఎట్ల తీస్తవ్? అన్ని కలిసిపోయినయి."

"వాసన చూసి తీద్దాం."

ఇద్దరూ కుప్ప ముందర కూర్చున్నారు. ఏ గౌను మూచూసినా కర్పూరమే. హైదర్ చేతిలోది పక్కన పెట్టి మొహం తుడుచుకున్నాడు.

"పొద్దుగాల బండొస్తది. లోడు పోతది" అన్నాడు.

"పిల్లలు తొడుగుతరు గదా!"

"మా అమ్మ పిల్లలను ఏమనదు."

బండి వచ్చింది. లోడు పోయింది. పోయేలోపు మహమూదా చేసింది ఒక్కటే. రుబీనా గౌనుకు జేబు కుట్లు విప్పి, ఆ తెల్ల ముక్కను తీసుకుపోయి పెట్టెలో వేసింది. అట్లా చేస్తే తన బిడ్డ వరకన్నా గండం తప్పుతుందనుకుంది.

తప్పలేదు. జేబు లేకపోయినా రుబీనా కుడి చెయ్యి సగం ముడుచుకునే ఉండేది, ఎవరి వేలో పట్టుకుని నడుస్తున్నట్టు. అన్నం పెడితే ఎడమ చేత్తో నాలుగు మెతుకులు కతికి లేచేది. ఆడుకోవడం మానేసింది. ఏదైనా అడిగితే కాసేపు పక్కకు చూసి, అప్పుడు జవాబు చెప్పేది. రోజు రోజుకూ బుగ్గలు లోపలికి పోయాయి. గద్వాల దవాఖానకు తీసుకుపోతే రక్తం తక్కువుంది, మందులు వాడండి అన్నారు. మహమూదా మందులు వేసింది, దువా చేసింది, దిష్టి తీసింది. ఏం చేసినా పిల్ల చెయ్యి మాత్రం వెచ్చబడలేదు.

విచిత్రం చూడండి, పని మాత్రం ఎక్కడలేని విధంగా కలిసొచ్చింది. చంద్రశేఖర్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. "మీ గౌన్లు పిల్లలు ఇప్తనే లేరంట! మాసినయి ఇడువుమంటే ఏడుస్తున్నరంట. ఏం కుట్టుడు కుట్టిండ్రమ్మా! వచ్చే ఏడు చొక్కాలు కూడా మీకే" అన్నాడు. కొత్త మిషన్లు వచ్చాయి. షట్టరు మీద హైదర్ పేరుతో బోర్డు వచ్చింది. ఏడోళ్ళని అడిగిన మనుషులే ఇప్పుడు పని ఇమ్మని అడుగుతున్నారు. మహమూదా ఆ బోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. ఏ బిడ్డ కోసమైతే ఇదంతా అనుకుందో, ఆ బిడ్డే కళ్ళ ముందర కరిగిపోతూ ఉంది.

అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. అత్త బట్ట అత్తకు ఇచ్చేస్తే? ముక్క ముక్కా ఏరుకొచ్చి, బళ్ళారి తీసుకుపోయి, ఆమె ఖబర్‌లో కప్పేస్తే?

"అన్ని ముక్కలు పెట్టెల చేరాలె. ఒక్కటి కూడా తక్కువ కావొద్దు. అప్పుడే మీ అమ్మ మన బిడ్డను ఇడుస్తది" అంది హైదర్‌తో. అతను తల దించుకుని కటింగ్ చేస్తూ ఊఁ అన్నాడు.

కొత్త గౌన్లు సంచిలో వేసుకుని మహమూదా గద్వాలతో మొదలుపెట్టి బడులు తిరిగింది. వనపర్తిలో ఒక బడికి ప్రార్థన వేళకు పోయింది. పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో కొందరు ఆడపిల్లలు కుడి చెయ్యి జేబులో పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి ఉన్నారు. టీచరమ్మ "చేతులు తీయండే, ఎన్నిసార్లు చెప్పాలె!" అని అరుస్తూ ఉంది. వాళ్ళు తీయలేదు. మహమూదాకు గుండె చెరువైంది. కుట్టులో పొరపాటు జరిగింది, పాతది ఇస్తే కొత్తది ఇస్తామని టీచర్లకు చెప్పింది. ప్రాణం ఇడవమన్నట్టు గోల చేశారు పిల్లలు. ఒక చిన్నది గౌను రెండు చేతులా పట్టుకుని "ఇయ్య! అవ్వ పోతది! అవ్వ పోతది!" అని గుక్కపట్టి ఏడ్చింది. కుట్లు విప్పి ముక్క తీసేసిన కాసేపటికే అదే పిల్ల ఆటస్థలంలో గంతులేసింది. అది చూసి మహమూదాకు ధైర్యం వచ్చింది.

అక్కడి నుంచి శ్రీరంగాపూర్, నాగర్‌కర్నూలు, బిజినేపల్లి. ఎండలో బస్సులు పట్టుకుని తిరిగింది. తెచ్చిన ముక్కలను తెచ్చినట్టే, లోపలికి చూడకుండా, పెట్టె మూత కొంచెం ఎత్తి జారవిడిచేది. చూడాలంటే ఆమెకు భయం. ఆ మూత ఎత్తిన ప్రతిసారీ రుబీనా ఎక్కడున్నా తల తిప్పి అటు చూసేది.

ఒకరోజు బిజినేపల్లి బడిలో ఎంత వెతికినా జేబులో చెయ్యి పెట్టుకున్న పిల్ల ఒక్కతీ కనపడలేదు. అంతకు ముందు మిగతా ఊళ్ళన్నీ మళ్ళీ చూసొచ్చింది, అక్కడా లేరు. అయిపోయింది, అన్నీ దొరికాయి అనుకుంది. తిరిగొస్తుంటే బీచుపల్లి వంతెన మీద బస్సు కిటికీలోంచి కృష్ణ కనిపించింది. నిండుగా పారుతూ ఉంది. ఎన్ని నెలల తర్వాతో ఆమెకు గాలి పీల్చుకున్నట్టయింది. రేపే బళ్ళారి పోవాలి, రుబీనాకు తోవలో ఏమేం కొనిపెట్టాలి అని లెక్కలేసుకుంటూ వచ్చింది.

షెడ్డు చేరేసరికి మధ్యాహ్నం. అన్నాల వేళ, మిషన్లు ఆగి ఉన్నాయి. ఆడవాళ్ళు బయట నీడలో డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. ఒంట్లో బాగా లేక రుబీనా ఆ రోజు బడికి పోలేదు, పరదా వెనక చాప మీద పడుకుని ఉంది. మహమూదా బళ్ళారికి మూట కట్టుకుందామని, మొదటిసారి పెట్టె మూత పూర్తిగా ఎత్తింది.

ముక్కలు లేవు. ఒక్క బట్ట ఉంది. మడత పెట్టి ఉంది.

బయటికి తీసింది. జేబు ముక్కలన్నీ ఒకదానికొకటి చేర్చి చేత్తో కుట్టి ఉన్నాయి. దగ్గర దగ్గర కుట్లు, కొంచెం ఏటవాలుగా. ఆ కుట్టు ఆమె ఎరిగినదే, అత్త చేతిది, ఇంట్లో ఎన్నేళ్ళు చూసింది! నేల మీద పరిచింది. ఖాజాబీ పొడుగు మనిషి. కత్తిరింపుల్లో పోయింది పోను, ఆ బట్ట ఆమె నడుము దాకా కూడా రాదు. మరి ఎవరికి... పక్కన చాప మీద రుబీనా పడుకుని ఉంది. మహమూదా బట్టను చూసింది, బిడ్డను చూసింది. తల నుంచి పాదం దాకా సరిగ్గా సరిపోతుంది. ఒక్క మూల మాత్రం ఖాళీ. జేబు ముక్కంత ఖాళీ.

"ఇంకొక్కటే తక్కువంట అమ్మీ" అంది రుబీనా, కళ్ళు తెరవకుండానే.

మహమూదా కత్తెర తీసుకుంది. బట్ట అంచు మీద ఒక్క పోటు వేసిందో లేదో, రుబీనా కెవ్వున అరిచింది. పిల్ల మణికట్టు మీద ఎర్రటి గీత పడి నెత్తురు కారుతూ ఉంది. కత్తెర పారేసింది. బట్టను పెట్టెలో కుక్కి మూత వేసి, బిడ్డను ఎత్తుకుని రోడ్డవతలి ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి ఉరికింది. కట్టు కట్టించుకుంటున్నంతసేపూ ఒకటే అనుకుంది. ఆ ఒక్క ముక్క ఎక్కడుందో అక్కడే ఉండనీ. చిరిగిపోనీ, కాలిపోనీ, ఎవరూ ఇయ్యకపోనీ. అది దొరకనంత కాలం నా బిడ్డ నాకుంటది. వెంటనే హైదర్‌కు చెప్పాలి, ఇంక ఏదీ వెతకొద్దు, పెట్టె ముట్టొద్దు అని చెప్పాలి.

హైదర్ కటింగ్ బల్ల దగ్గర ఉన్నాడు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి నిలబడ్డాడు. ఏడ్చినట్టున్నాడు. మిషన్లు మళ్ళీ నడవడం మొదలైంది.

"రుబీనా అబ్బా, ఒక మాట..."

"నేనే చెప్తా, కోపం చేయకు" అన్నాడు మెల్లగా. "గా దినం ఒక గౌను దాచుకున్న. బల్ల కింద. పోయినప్పుడు అమ్మ చెయ్యి తాకనియ్యలే గద... రోజూ షట్టరు తీయకముందు జరసేపు పట్టుకుంటుంటి. వెచ్చగ లేకున్నా అమ్మ చెయ్యే గద. ఇయ్యాల పొద్దుగాల పెడితే చెయ్యి లేదు. వట్టి కీస. ఇడిసిపోయింది." అతను ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పింది యాదికొచ్చింది. అన్నీ చేరాలె, ఒక్కటి కూడా తక్కువ కావొద్దంటివి గద. నా ఆశతోని బిడ్డ పరేషాన్ అవుతున్నదని సిగ్గేసింది. కుట్లిప్పి ఇప్పుడే పెట్టెల ఏసిన. నువ్వు డాక్టరు కాడికి పోయినప్పుడు."

మహమూదా బిడ్డను గట్టిగా అదుముకుంది.

చంకలో రుబీనా కదిలింది. నెలల నుంచి ముడుచుకుని ఉన్న కుడి చెయ్యిని మొహం ముందర పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. అరచెయ్యి ఖాళీగా ఉంది.

"దాదీ చెయ్యి ఇడిసింది అమ్మీ" అంది. "కుట్టనీకి రెండు చేతులు కావాలంట."

మహమూదా పరదా వెనక్కి ఉరికింది. పెట్టె మూత పట్టి లాగింది. రాలేదు. హైదర్ వచ్చి పట్టాడు. ఇద్దరూ కలిసి లాగారు. గొళ్ళెం తీసే ఉంది, తాళం లేదు, అయినా మూత లేవలేదు. "అత్తమ్మా... సాకు... చాలు అత్తమ్మా..." అంటూ ఆమె తల పెట్టెకేసి కొట్టుకుంది. అవతల మిషన్ల చప్పుడులో ఈదమ్మ ఎవరినో ఆటపట్టించి గట్టిగా నవ్వింది.

మూత కింద నుంచి ఒక తెల్ల దారం బయటికి వేలాడుతూ ఉంది. జానెడు పొడుగుంది. చూస్తుండగానే కొంచెం లోపలికి పోయింది. ఆగింది. మళ్ళీ కొంచెం లోపలికి పోయింది. ఆగింది.

బెత్తెడు మిగిలింది.